సున్నపు గీతల కాలనీ

...లేకపోతే గోడ అంటే ఏమిటి? మనిషిని ఆపేదా, మనిషి ఆగడానికి ఒప్పుకునేదా? ఆపేదే గోడ అయితే ఇక్కడ గోడ లేదు. ఒప్పుకునేదే గోడ అయితే ఇంతకన్నా గట్టి గోడను పరాంకుశం తన జీవితంలో చూడలేదు. నేల మీద సున్నంతో గీసిన తెల్లటి గీత ముందు అతను చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. గీతకు అవతల, చేయి చాస్తే అందేంత దూరంలో, ఎర్నమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది. ఆమె అతన్ని చూస్తోంది. అతను ఆమెను చూస్తున్నాడు. అయినా గోడలోంచి మనిషిని పలకరించడం మర్యాద కాదు కాబట్టి, గీతలో ఖాళీ వదిలిన చోటికి చుట్టు తిరిగి వెళ్లి, గాలిలో పిడికిలి ఆడించి, నోటితో "టక్ టక్" అన్నాడు.

"రా బావూ," అంది ఎర్నమ్మ చేట ఆపకుండా. "తలుపు తీసే ఉన్నాది. ఏసుకుందామంటే నేదు కదా."

"అలా అనకూడదమ్మా. ఉందనుకోవాలి."

"అనుకుంటన్నాను బావూ. అనుకుని అనుకుని మెడ నొప్పెడతంది."

పరాంకుశం గృహ పునర్భావనా సంస్థలో మనస్తత్వ నిపుణుడు. ఆ సంస్థ పేరు మొదట గృహ పునర్నిర్మాణ సంస్థ. ఎర్నమ్మ వాళ్ల ఊరు జీలుగుమెట్ట ఒక ఏటి ఒడ్డున ఉంది. ఏటికి అవతల ఇంకో రాజ్యం. ఏటి మధ్యలో ఉన్న ఇసుకదిబ్బ ఎవరిదన్న విషయం మీద రెండు రాజ్యాలూ యుద్ధం చేశాయి. యుద్ధం ముగిసేలోపు వరద వచ్చి దిబ్బ కొట్టుకుపోయింది. దిబ్బ మీద పడవలసిన ఫిరంగి గుండ్లు గురి తప్పి జీలుగుమెట్ట మీద పడ్డాయి. ఇళ్లు కూలాయి. జనం మెట్ట కింద గుడారాల్లో చేరారు. వాళ్ల ఇళ్లు మళ్లీ కట్టడం కోసం ప్రభుత్వం ఒక సంస్థను స్థాపించింది. సంస్థ ముందుగా తనకొక భవనం కట్టుకుంది.

ఆ భవనం పూర్తయిన వారంలో కమిషనర్ తారానాథ్ గారు ఏదో చలిదేశంలో జరిగిన మహాసభకు వెళ్లారు. వెళ్లేటప్పుడు సిమెంటు గురించి మాట్లాడిన మనిషి, వచ్చేటప్పుడు అంతరంగం గురించి మాట్లాడుతూ విమానం దిగారు. మర్నాడే బోర్డు మీద 'నిర్మాణ' అన్న అక్షరాలు గీకేసి 'భావనా' అని రాయించారు. ఉత్తర్వు వెలువడింది: "నిర్వాసిత కుటుంబముల యందు గృహము భౌతికముగా నశించినప్పటికీ మానసికముగా అక్షుణ్ణముగా నున్నదని సంస్థ గుర్తించినది. కావున లేని దానిని కట్టుట కన్నను, ఉన్న దానిని వెలికితీయుట సమంజసము."

పని రెండు దశలు. మొదటి దశలో ప్రతి కుటుంబానికీ నేల మీద సున్నంతో ఇల్లు గీస్తారు. కుటుంబం ఆ గీతల మధ్య కూర్చుని గోడలను, కప్పును భావించుకోవాలి. రెండో దశలో ఇటుకలు.

"రెండో దశ ఎప్పుడండీ?" అని ఉద్యోగంలో చేరిన రోజే పరాంకుశం అడిగాడు.

"అవసరమైనవారికి, అవసరమైనప్పుడు," అన్నారు తారానాథ్ గారు.

"ఎవరికి అవసరమవుతుందండీ?"

"మీరే ఆలోచించండి. మొదటి దశలో ఇల్లు కనిపించనివాడికి ఇటుకలిచ్చి ఏం ప్రయోజనం? వాడికి అసలు గృహభావనే లేదు. కనిపించినవాడికి ఇటుకలెందుకు? వాడికి ఇల్లుంది కదా!"

పరాంకుశం ఈ వాదంలో తప్పు కోసం కొన్నాళ్లు వెతికాడు. అది చుట్టూ నున్నగా ఉంది. ఎక్కడా తలుపు లేదు.

"మరి మన ఆఫీసు ఇటుకలతో కట్టారు కదండీ?"

తారానాథ్ గారి మొహంలో నిజమైన విచారం కనిపించింది. "ఏం చేస్తామండీ. మన ఉద్యోగుల్లో ఒక్కడికైనా ఇల్లు కూలిందా? పోగొట్టుకున్నవాడికే ఊహ సిద్ధిస్తుంది. మనకా యోగం లేదు. ఇటుకలతో సర్దుకోవాలి."

పరాంకుశానికీ ఇల్లు కూలలేదు. కూలడానికి ఎప్పుడూ లేదు. హాస్టళ్లలో పెరిగాడు, లాడ్జి గదుల్లో బతుకుతున్నాడు. ఈ పథకం పనిచేస్తున్న ఏకైక మనిషి తానేనన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఎర్నమ్మ గీతల్లోకి అడుగుపెట్టగానే అతనికి నీలిమందు కలిపిన సున్నం గోడలు కనబడతాయి. వంటింటి మూల మసి కనబడుతుంది. దూలానికి వేలాడే ఉట్టి తలకు తగులుతుందేమోనని వంగి నడుస్తాడు. ఆ ఇల్లు ఇలా ఉండేదని ఎర్నమ్మ ఏనాడూ చెప్పలేదు. చిన్నప్పుడు హాస్టల్లో దుప్పటి ముసుగు కింద కట్టుకున్న ఇల్లే అది. దాన్ని తెచ్చి ఈ ముసలమ్మ నెత్తిన పెట్టాడు. తనకు తెలుసు. తెలిసినా అక్కడ కూర్చుంటే హాయిగా ఉండేది, ఆ హాయికి సిగ్గుగానూ ఉండేది.

"కళ్లు మూసుకోండమ్మా," అన్నాడు ఆ రోజు పీట లేని చోట పీట వేసుకున్నట్టు కూర్చుంటూ.

ఎర్నమ్మ మూసుకుంది.

"ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

"సీకటి."

"ఆ చీకట్లోకి నెమ్మదిగా చూడండి. మీ ఇల్లు..."

"మా ఇంట్లో పొద్దోతే దీపం ఎట్టీసీదాన్ని బావూ. సీకటెందుకుంటాది? ఇది మా ఇల్లు కాదు."

గీతల వెనకే వాళ్ల గుడారం. దాని కొయ్యకు కట్టిన ఉయ్యాల్లో ఎర్నమ్మ మనవడు దగ్గాడు. పిల్లాడు గుడారంలోనే పుట్టాడు. పుట్టినప్పటి నుంచి ఛాతీలో పిల్లికూతలే. కొడుకు ఎక్కడో ఇటుకబట్టీలో పనికి పోయాడు. అత్తా కోడలూ ఇద్దరే ఆ పిల్లాణ్ణి కాచుకుంటున్నారు. కోడలు సింహాలు ఉయ్యాల ఊపుతూ లోపలినుంచే అరిచింది.

"అత్తా, ఉందని సెప్పీకు! సెప్పీసేవంటే గుడారం పీకీసుకుపోతారు!"

అది నిజమే. ఒక కుటుంబానికి రెండు నివాసాలు ఉండకూడదని నిబంధన. ఇల్లు అప్పగించిన క్షణంలో గుడారం సంస్థకు చెందుతుంది.

"ఇన్నావా బావూ?" అంది ఎర్నమ్మ కళ్లు తెరిచి. "నేదని సెప్తే ఇటికలివ్వరు. ఉందని సెప్తే గుడారం ఉంచరు. వానలొచ్చీసినాయి. ఈ గుంటడికి ఒక్క రాత్రి తడిస్తే సాలు. నాను కళ్లు మూసుకోవాలా, నోరు మూసుకోవాలా, నువ్వే సెప్పు."

పరాంకుశం నీలిగోడ వైపు చూశాడు. అది ఎంత చక్కగా ఉందో!

కాలనీ మట్టుకు హుషారుగానే నడుస్తోంది. గీత దాటడం నేరమైంది. దాన్ని 'గోడ ఉల్లంఘన' అన్నారు. మేకలు రోజంతా ఉల్లంఘించేవి. మేకల్లో గృహభావన పెంపొందించడానికి ఒక అధికారి వచ్చి, మంద ఎదుట చాలాసేపు మాట్లాడి, చివర్లో తన ఉపన్యాసపు కాగితాలు వాటికి సమర్పించుకుని వెళ్లాడు. ఎర్నమ్మ ఇత్తడి బిందె ఎవరో ఎత్తుకుపోతే పోలీసులు వచ్చి గీత చుట్టూ తిరిగి చూశారు.

"గోడకి కన్నం ఉందా?" అన్నాడు జమాదారు.

"నేదు బావూ."

"తలుపు బద్దలైందా?"

"నేదు."

"కన్నం లేదు, తలుపు బద్దలవలేదు. మరి దొంగ లోపలికెలా వచ్చాడే? బిందె ఇంట్లోనే ఉంటాది. సరిగ్గా అనుకో."

ఎర్నమ్మ పక్కింటి దాలినాయుడిది మరో దారి. అతనికి ఊహ ఉంది, దానికి అదుపు లేదు. ఒకరోజు పొద్దున్నే ముక్కాలి పీట మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని కేకేశాడు.

"ఎర్నప్పా! నాను మేడ మీదున్నాను, కనిపిస్తన్నానా?"

"నేల మీదే ఉన్నావురా."

"నీకు సూపు ఆనదు. ఊహే కదా, దాన్లో కూడా పిసినారితనవేటి? డాబా ఏసీసినాను. ఏరు కనిపిస్తంది. ఒలమ్మ, ఏటి గాలప్పా ఇక్కడ!"

మధ్యాహ్నానికి భవన విభాగం అధికారి నోటీసుతో దిగాడు. అనుమతి లేని అంతస్తు.

"మీకూ కనిపించిందా బావూ?" అన్నాడు దాలినాయుడు ఆశగా.

"కనిపించకపోతే నోటీసెలా ఇస్తాం? పిట్టగోడ కూడా అతిక్రమణే."

దాలినాయుడి కళ్లు చెమ్మగిల్లాయి. జన్మలో మొదటిసారి తన ఆస్తిని ప్రభుత్వం గుర్తించింది. ఆ నోటీసు ఊరంతా చూపించుకున్నాడు. ఈలోగా కూల్చివేతకు బుల్డోజరు వచ్చింది. అది నిజం బుల్డోజరే. దాని తొండం మేడ ఎత్తుకు లేపి గాలిలో అటూ ఇటూ తిప్పారు. కింద అధికారి అరుస్తున్నాడు: "ఎడమకి! ఇంకొంచెం ఎడమకి! పిట్టగోడ ఉండిపోయింది!" మేడ విజయవంతంగా కూలింది. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం బండి చక్రాలు వీధి పొడుగునా సున్నపు గీతలన్నీ తుడిచేసుకుంటూ పోయాయి.

సంస్థ తడుముకోలేదు. వీధిలోని వారందరినీ 'ద్వితీయ నిర్వాసితులు'గా ప్రకటించి, సున్నం డబ్బాలు దింపి, పొద్దువాలేలోపు వీధి మొత్తాన్ని పునర్భావన చేసింది. దేశచరిత్రలో ఇంత వేగంగా ఇళ్లు లేచిన దాఖలా లేదని పత్రికా ప్రకటన వెలువడింది. ఆ గొడవలో పరాంకుశం ఒక దృశ్యం చూశాడు. చెరిగిన గీత దగ్గర కూర్చుని ఒక ఆడమనిషి ఏడుస్తోంది. గోడవారగా పేర్చుకున్న కుండలు చక్రం కింద పగిలాయేమో అనుకున్నాడు. కుండలు బాగానే ఉన్నాయి. ఆమె గోడ కోసం ఏడుస్తోంది. మాటలతో ఊరడించడం అతని వృత్తి. బాగానే ఉన్న కుండలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. ఇంతకీ ఆమెకు జబ్బు నయమైనట్టా, అంటుకున్నట్టా?

కూల్చివేత వార్త రాజధాని దాకా పోయింది. దాతల బృందం ఒకటి పథకాన్ని కళ్లారా చూడాలని బయలుదేరింది. కమిషనర్ గారు పరాంకుశాన్ని పిలిపించారు.

"మిస్టర్ పరాంకుశం, బృందం సమక్షంలో తొలి అప్పగింత. లబ్ధిదారు ఎర్నమ్మ."

"ఆవిడకి ఇల్లు కనిపించడం లేదండీ."

"అందుకే ఆవిడ. కనిపించేవాళ్లకి కనిపించడంలో విశేషం ఏముంది? ప్రతిఘటనను అధిగమించడమే శాస్త్రం."

"కానీ ఆవిడ ఉందని అనదు."

"ఆవిడెందుకండీ అనడం? లబ్ధిదారుకి శ్రమ ఇవ్వడం సంస్థ విధానం కాదు. నిపుణులు మీరున్నారు. బృందం ఎదుట మూడుసార్లు 'ఇల్లుంది' అనండి. మూడోసారితో అప్పగింత పూర్తి. గుడారం సిబ్బంది తాళ్లు వదులు చేసుకుని సిద్ధంగా ఉంటారు."

"పిల్లాడికి ఒంట్లో బాగా లేదండీ. వానలు..."

"ఇల్లుండగా వానలతో ఏం పనండీ?" అన్నారు కమిషనర్ గారు, ఏమాత్రం వెటకారం లేకుండా. అది చూసి పరాంకుశానికి భయం వేసింది. ఆయన నమ్ముతున్నాడు. అబద్ధం చెప్పేవాడితో వాదించవచ్చు. నమ్మేవాడి ముందు మనిషికి తన నమ్మకాలే గుర్తొస్తాయి. తనకూ ఆ గోడలు కనబడుతున్నాయి కదా. కనబడుతున్నదాన్ని ఉందనడం అబద్ధం ఎలా అవుతుంది?

ముహూర్తం పొద్దున్నే పెట్టారు. గుమ్మానికి తోరణం కట్టాలి. గుమ్మం లేదు గనక ఇద్దరు అటెండర్లను ద్వారబంధాలుగా నియమించారు. మామిడాకుల తాడు చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. వారిలో ఒకడు తుమ్మినప్పుడల్లా గుమ్మం కదిలింది. ముందుగా ఆవును తెచ్చారు. అది గుమ్మాన్ని పట్టించుకోకుండా తిన్నగా వంటింటి గోడలోంచి వచ్చింది. అక్కడ దొడ్డితలుపు ఉన్నట్టు అధికారి ఒకాయన అక్కడికక్కడే మంజూరు చేశాడు. బృందం వాళ్లు చెప్పులు, గొడుగులు గడప బయట వదిలి, తలలు వంచి లోపలికి వచ్చారు. వాళ్లలో పొడుగాటి పెద్దమనిషి ఒకడు మరీ వంగి, "చిన్న గుమ్మం, కానీ ఎంత ఆత్మీయంగా ఉంది!" అన్నాడు.

అప్పగింత వేళ లబ్ధిదారులు గుడారంలో ఉండకూడదు. సింహాలు పిల్లాణ్ణి ఎత్తుకుని అత్త పక్కన నిలబడింది. గుడారం దగ్గర నలుగురు మనుషులు తాళ్లు విప్పి చేతుల్లో పట్టుకున్నారు.

పాలు పొంగించాలి. పొయ్యి ఉన్నచోట అందరూ గుమిగూడి ఖాళీ నేల వంక చూశారు. పురోహితుడు అనుభవజ్ఞుడు. మంత్రం ఆపి, "పొంగాయి!" అన్నాడు.

"అబ్బబ్బ, ఎంత పొంగాయో!" అన్నారు కమిషనర్ గారు. ఒక దాత చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు, పంట్లాం మీద పడకుండా.

"పాలు సరిపోనాయి గానీ పంసదారే కూసింత తగ్గినాది," అన్నాడు దాలినాయుడు గోడకు అవతల నుంచి.

మొదటి చుక్క కమిషనర్ గారి బట్టతల మీద పడింది. ఆయన పైకి చూడలేదు. పైకి చూడటం అంటే కప్పును శంకించడమే. రెండో చుక్క పురోహితుడి పంచాంగం మీద పడింది. ఆ తర్వాత లెక్కపెట్టే పని లేకపోయింది. ఆకాశం మొత్తం ఒక్కసారి దిగింది.

"బయట వాన మొదలైనట్టుందే," అంది బృందంలోని ఒకావిడ, కళ్లలోకి కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా.

"బయట మాత్రమేనండీ," అన్నారు కమిషనర్ గారు. ఆయన ముక్కు కొసనుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. "దయచేసి ఈ పైకప్పు నాణ్యతను గమనించండి. ఇంత వర్షంలోనూ ఒక్క చుక్క..." ఇక్కడ నోట్లోకి నీళ్లు పోయి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక వాక్యం పూర్తిచేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. తడిచేతుల చప్పట్లు చేపల బజారులా వినిపించాయి. ఎవరూ ఒళ్లు తుడుచుకోలేదు, ఎవరూ అడుగు కదల్లేదు. పళ్లు కొట్టుకుంటుంటే ఇల్లు ఎంత వెచ్చగా ఉందో చెప్పుకున్నారు. కాళ్ల కింద గోడలు కరిగి తెల్లగా వీధిలోకి పారుతున్నాయి. "గోడ కొంచెం మెత్తబడింది, చూసుకోండి," అని ఓవర్సీరు సున్నం డబ్బా పట్టుకుని చుట్టూ పరిగెడుతున్నాడు. గీసిన గీత గీసినట్టే పోతోంది.

సింహాలు కొంగు పిల్లాడి మీద కప్పింది. కొంగు తడిసి బరువెక్కింది. ఎర్నమ్మ రెండు అరచేతులూ జోడించి పిల్లాడి నెత్తి మీద పట్టింది. చేతుల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. లోపల పిల్లాడి దగ్గు.

"మిస్టర్ పరాంకుశం, కానివ్వండి."

పరాంకుశానికి వాన శబ్దం పెంకుల మీద పడుతున్నట్టు వినబడుతోంది. మసి పట్టిన మూల, ఉట్టి, నీలిగోడ, ఏవీ చెక్కుచెదరలేదు. ఒళ్లంతా పొడిగా, దుప్పటి కింద ఉన్నంత వెచ్చగా ఉంది. జీవితంలో అతను ఇంత క్షేమంగా ఎన్నడూ లేడు.

"ఇల్లుంది," అన్నాడు.

చప్పట్లు.

"ఇల్లుంది."

గుడారం దగ్గర నలుగురూ తాళ్లు బిగించి పట్టుకున్నారు. సింహాలు పిల్లాణ్ణి ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఎర్నమ్మ మట్టుకు అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. జ్వరంలో ఉన్నవాణ్ణి చూసినట్టు చూసింది.

"బావూ, నిలువునా తడిసిపోతన్నావు. నీకు తెలవట్లేదేటి?"

పరాంకుశం తన చొక్కా వంక చూసుకున్నాడు. అది ఒంటికి అతుక్కుని ఉంది. చేతివేళ్లు తెల్లగా నాని ఉన్నాయి. చెవుల వెనకనుంచి నీళ్లు మెడలోకి దిగుతున్నాయి, ఎప్పటినుంచో దిగుతున్నట్టున్నాయి. ఒక్కసారిగా చలి పట్టుకుంది. తల ఎత్తాడు. అక్కడ దూలం లేదు. బూడిదరంగు ఆకాశం ఉంది, అందులోంచి నీళ్లు పడుతున్నాయి. అంతే.

"మూడోది, మూడోది," అన్నారు కమిషనర్ గారు పక్కనుంచి.

పరాంకుశం గడప దాకా నడిచాడు. తుమ్ముతున్న ద్వారబంధం మర్యాదగా పక్కకు తప్పుకుంది. చెప్పుల మధ్య పడి ఉన్న గొడుగుల్లోంచి చేతికందిన నల్లది ఒకటి తీసుకుని వెనక్కి వచ్చి సింహాలు పక్కన నిలబడ్డాడు.

"ఇంట్లోనా!" అన్నాడు పురోహితుడు గాభరాగా. "ఇంట్లో గొడుగు విప్పకూడదు బాబూ, అరిష్టం!"

"మిస్టర్ పరాంకుశం! బృందం చూస్తోంది! ఇంట్లో గొడుగేమిటి?"

బృందం చూస్తోంది. ఎర్నమ్మ పిల్లాడి నెత్తి మీదనుంచి చేతులు తీసి, అతనికి కాస్త చోటిచ్చింది.

పరాంకుశం గొడుగు విప్పాడు.